నా పేరు మీద ఇంకొకరి నెత్తురు

మొన్నటి వానాకాలంలో నేను మూడుసార్లు చచ్చి బతికానని ఎల్లారెడ్డి బస్టాండు పక్క చాయ్ హోటల్లో చెప్పుకుంటున్నాను. వినేవాళ్లు శ్రద్ధగా ఉంటే నాలుగుసార్లు అంటాను. ఇది కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఉన్నమాట రాస్తాను. ఒక్కసారి కూడా చావలేదు. చావు వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది, మొహంలోకి తేరిపార చూసింది, లేచి ఇంకొకరి ఇంటివైపు నడిచింది.

రాయమన్నది నా కోడలు సుజాత. "నోటితోని చెప్తే పెంచి చెప్తవు మామా. రాస్తే జర తగ్గుతది" అంది. ఆమె మాట కాదనలేను, ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

నా పేరు నర్సారెడ్డి. డెబ్బై దాటిన రైతును, మాది ఎల్లారెడ్డి పక్క పల్లె. బిచ్కుంద జాతరలో మరాఠీ పైల్వాన్‌ను ఎత్తి కుదేశానని పెళ్లయిన నాటి నుంచి చెబుతున్నాను. అది పైల్వాన్ల కుస్తీ కాదు, కొబ్బరికాయ కోసం పిల్లలు పట్టే కుస్తీ. నా ఈడువాడొకడు బురదలో జారి పడ్డాడు, నేను వాడి మీద పడ్డాను. కాయ నాకిచ్చారు. ఇట్లాంటి మనిషి రాసింది ఎందుకు నమ్మాలంటారా? ఈ సంగతిలో నా గొప్ప ఏమీ లేదు, అందుకు.

వినాయకులను సాగనంపిన వారం

నిమజ్జనం నాడు వానలో తడిసి, వయసు మరిచి ట్రాక్టరు ముందర ఎగిరాను. తెల్లారి జ్వరం. కనుగుడ్ల వెనక ఎవరో వేలు పెట్టి నెడుతున్నట్టు నొప్పి. ఎముకల్లో నొప్పి. దుప్పటి అంచు తగిలినా ఒళ్లు జివ్వుమనేది. మా ఇంటామె రాజవ్వ మిరియాల కషాయం పెట్టింది, దిష్టి తీసింది. గోలీలు మింగితే జ్వరం దిగేది, మళ్లీ ఎక్కేది. మా కొడుకు శ్రీనివాస్ మక్క చేను పని ఆపుకొని నన్ను బండి మీద ఎల్లారెడ్డి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఊరంతా డెంగీ నడుస్తోంది, రక్తం చూపిద్దాం, అన్ని పరీక్షలూ చేయిద్దాం అన్నాడాయన.

రక్తం తీసే చోటు బస్టాండు వెనక ఒక ఇరుకు గది. అక్కడ తీస్తారంతే, పరీక్ష చేసేది కామారెడ్డిలో. సీసాలన్నీ డబ్బాలో పెట్టి బస్సులో పంపిస్తారు. సాయంత్రానికి రిపోర్టు ఫోనులోకి వస్తుంది. గదిలో ఒక బెంచీ, ఒక కుర్చీ, రక్తం తీసే మమత. ముప్పై ఏళ్లుంటాయేమో, చేయి చురుకైన మనిషి. బస్సు వేళవుతోందని, బెంచీ మీద ఎవరు ఏ వరుసలో కూర్చున్నారో చూసి, పేర్లు ముందే చీటీల మీద రాసి, సీసాలకు అంటించి, అదే వరుసలో స్టాండులో నిలబెట్టుకుంది. ఎంత పద్ధతి గల పిల్ల అనుకున్నాను.

నా ముందు ఒకామె కూర్చుంది. చెప్పులు కాళ్లకు పట్టక చేతిలో పట్టుకుని ఉంది. పాదాలు పిండి ముద్దల్లా ఉబ్బి ఉన్నాయి, కళ్ల కింద సంచులు. వేళ్ల కొసలు పొగాకుకు నల్లబారి ఉన్నాయి కాబట్టి బీడీలు చుట్టే మనిషని అడక్కుండానే తెలిసింది. పేరు సాయవ్వ, గాంధారి దిక్కు పల్లె. కాళ్లు ఎందుకు ఉబ్బాయో చూడమని వాళ్ల ఊరి ఆర్ఎంపీ పంపించాడట. ఆమెకూ అన్ని పరీక్షలే.

నన్ను చూసి ఆమె లేచింది.

"పటేలా, నువ్వు ముంగట పో. జరంతోని ఒణుకుతున్నవు."

"నువ్వే పో చెల్లె. నీ కాళ్లు జూడు ఎట్లున్నయో."

"నా కాళ్లకేమైతది. ఇంట్ల కూసొని బీడీలు చేసుడే గద. పెద్దోనివి, నువ్వు పో."

నేను మూడుసార్లు వద్దన్నానని ఇప్పటిదాకా అందరికీ చెప్పాను. ఒక్కసారే వద్దన్నాను, అదీ కుర్చీవైపు నడుస్తూ. వయసుకు, పటేలు అనే పిలుపుకు జనం లేచి చోటివ్వడం నాకు చిన్ననాటి నుంచి అలవాటు. ఎవరైనా లేవకపోతేనే గుర్తుంటుంది.

మమత తలెత్తలేదు. స్టాండులో వరుసలో ఉన్న సీసా తీసింది. నా పేరు అడగలేదు, నేను చెప్పలేదు. మా దిక్కు పెద్దమనిషిని మొహం మీద పేరు అడగరు. అడిగితే, "నన్నెరుగవా?" అని కోపం వస్తుంది. నాకైతే తప్పకుండా వచ్చేది. సూది గుచ్చేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి సాయవ్వ నవ్వుతోంది. బెంచీ మీద ఉన్నంతసేపూ ఆమెకు జాతర కుస్తీ ముచ్చట చెప్పాను మరి.

"గంత పైల్వాన్‌ను ఎత్తేసినోనివి, గింత సూదికి కండ్లు మూసుకున్నవేంది పటేలా."

నేను లేచాను, ఆమె కూర్చుంది. మమత తర్వాతి సీసా తీసింది. సూది గుచ్చిన చోట దూది ఒత్తుకుంటూ బయటికి వచ్చాను. జరిగినదంతా ఇంతే. అక్కడ ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. ఒకామె మర్యాద చేసింది, ఒకాయన ఆ మర్యాద తీసుకున్నాడు.

పత్తెం

రిపోర్టు సాయంత్రం వచ్చింది. మా శ్రీనివాస్ ఫోను చూసుకుంటూ డాక్టరు గదిలోకి పోయినవాడు, బయటికి వచ్చేసరికి వేరే మనిషిలా ఉన్నాడు. నా మొహం చూడకుండా బండి తాళంచెవి వెతుకుతున్నాడు. అది వాడి చేతిలోనే ఉంది.

"ఏమన్నడురా?"

"ఏం లేదు నాయినా. డెంగీ కాదట."

"మరి మొహం గట్ల వెట్టినవేంది?"

ఇంటికి వచ్చాక వసారాలో తల్లితో చెబుతుంటే విన్నాను. మూత్రపిండాలు రెండూ బాగా దెబ్బతిన్నాయి, ఇన్ని రోజులు ఎట్లా నడిచాడో అంటున్నాడు డాక్టరు. కిడ్నీ డాక్టరు హైదరాబాదు నుంచి కామారెడ్డికి ఆదివారం మాత్రమే వస్తాడు. అప్పటిదాకా ఉప్పు బందు, పండ్లు బందు, నీళ్లు తగ్గించాలి.

డాక్టరు తగ్గించమన్నాడు. మా రాజవ్వ పత్తెం పట్టింది. పత్తెం అంటే మా ఇళ్లలో డాక్టరు చెప్పినదాని మీద మూడింతలు. పూటకు ఒక చాయ్ గిలాసెడు నీళ్లు, అదీ ఆమె చేతితోనే. బిందె వంటింట్లోకి పోయింది, తలుపుకు గొళ్లెం పడింది.

దాహం అంటే నాకు ముందు తెలుసనుకున్నాను. ఎండకాలం నాగలి పట్టినవాణ్ని గదా. నాకు తెలిసింది దాహం కాదు, నీళ్లు తాగే ముందు కలిగే సంతోషం. ఇది వేరు. నాలుక బెండులా అంగిలికి అతుక్కునేది. వాన పడుతుంటే చూరు కింద ధార వినిపించేది, ఆ చప్పుడు నన్ను తిడుతున్నట్టు ఉండేది. నోరు పుక్కిలిస్తానని చెంబు అడిగి మింగుదామని చూశాను. రాజవ్వ ఎదురుగా నిలబడింది.

"ఉమ్మెయ్."

ఉమ్మేశాను.

"అన్ని ఉమ్మెయ్యి. చెంప ఉబ్బే ఉన్నది."

"ఒక్క గుక్కకు ఏమైతదే?"

"చస్తవ్" అంది. కోపంగా అనలేదు, చెప్పినట్టుగా అంది. వెనక్కి తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంటూ పోయింది.

చూసిపోయేవాళ్లు మొదలయ్యారు. మంచాన పడ్డవాణ్ని చూడటానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. బాగైతాడని వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చుంటారు. పోతాడని వచ్చేవాళ్లు నిలబడి, ఇల్లంతా ఒకసారి చూస్తారు. మా బామ్మర్ది నర్సింలు నిలబడ్డాడు. చేతిలో అరటిపండ్ల హస్తం.

"బావా, మా మేనమామ గూడ గిట్లనే ఉండె. గివే కిడ్నీలు. మస్తు మంచిగ మాట్లాడిండు, దినాం నవ్విండు."

"ఇప్పుడెట్లున్నడు?"

నర్సింలు పైకప్పువైపు చూశాడు. పోయేటప్పుడు, కిడ్నీల రోగానికి అరటిపండ్లు పనికిరావని ఎవరో చెబితే హస్తం మళ్లీ చంకన పెట్టుకున్నాడు. నేను నవ్వబోతే పెదవి పగిలి రక్తం వచ్చింది.

పెదవి పగిలిందనుకున్నాను గాని, ఆ రక్తం చిగుళ్లది. చేతుల మీద ఆవగింజలంత ఎర్ర మచ్చలు లేచాయి. ఒంట్లో విషం ఎక్కుతోంది, కిడ్నీలు వడకట్టడం లేదు గదా అన్నారు. చూసే రోగాన్ని బట్టి ప్రతి గుర్తూ దానికే సాక్ష్యం చెబుతుంది. మూత్రం రావడం మానేసింది. చూసినవా, రిపోర్టు నిజమే అన్నారు. లోపల నీళ్లు లేక రావడం లేదని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అప్పుడు జ్వరం దిగింది. ఇల్లంతా తేలికపడింది. రాజవ్వ దేవుడి ముందు దీపం పెట్టింది. నాకు మాత్రం చేతులు, కాళ్లు చల్లబడుతున్నట్టు, ఇంట్లోవాళ్ల మాటలు గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంది. కడుపులో ఎవరో గుడ్డ పిండుతున్నారు. చెబుదామంటే మాట పెగల్లేదు. జ్వరం దిగినప్పుడే డెంగీ తన పని మొదలుపెడుతుందని నాకు తర్వాత చెప్పారు. చదివేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలు.

సుజాత నా అరచేయి పట్టుకుని చూసింది. "చేతులు మంచు తీర్గ ఉన్నయి. ఆదివారం దాకా ఆగుడేంది? కారు మాట్లాడు" అంది మొగుడితో.

"కిడ్నీ డాక్టరు రాడు గదా."

"ఎవలో ఒక డాక్టరు ఉంటడు గద. లే."

కామారెడ్డి

ఆ దారి నాకు గుర్తు లేదు. అడివిలోంచి పోతుంటే చెట్లు నన్ను పేరు పెట్టి పిలిచాయని హోటల్లో చెబుతుంటాను, అది కల్పన. సుజాత ఒళ్లో తల పెట్టి పడుకున్నాను. ఆమె నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తూ ఉంది. గుర్తున్నది అదొక్కటే.

పెద్ద దవాఖానలో నర్సు వచ్చి, రక్తం తీసే ముందు, "పెద్దాయనా, మీ పేరు చెప్పండి" అంది.

"చీటీ మీద రాసి ఉన్నది గద బిడ్డా, ఆయన మాట్లాడలేడు" అంది రాజవ్వ.

"ఆయన నోటితోనే చెప్పాలె అవ్వా. నేను ఆగుతా."

చెప్పాను. తండ్రి పేరు కూడా అడిగింది, అదీ చెప్పాను. రక్తం తీసి, నా మంచం దగ్గరే నిలబడి, నేను చూస్తుండగా సీసా మీద నా పేరు రాసింది. అంత ఒంట్లో బాగాలేకపోయినా నాకు చిరాకే వేసింది.

గంట కాకముందే డాక్టర్లు గుమిగూడారు. ఆ రక్తం పోయింది కూడా మునుపటి ల్యాబుకే. అక్కడి పెద్ద డాక్టరు ఒకావిడ, రిపోర్టు పంపకుండా ఫోను చేసింది, తర్వాత తనే నడిచి వచ్చింది. తెల్ల జుట్టు, నెమ్మది గొంతు. మా వాళ్లందరినీ పిలిచి నా ముందే చెప్పింది.

"కొత్త రక్తం ప్రకారం ఈయన కిడ్నీలు పనిచేస్తున్నయి. నీళ్లు లేక జర ఇబ్బంది పడుతున్నయి, అంతే. రోగం డెంగీ. ప్లేట్‌లెట్లు చాన పడిపోయినయి. గంతగనం చెడిన కిడ్నీలు నాలుగు దినాలల్ల వాటంతట అవి బాగుకావు. అందుకే పాత సీసా ఫ్రిజ్‌ల నుంచి తీసి గ్రూపు చూసిన. ఈయన గ్రూపు వేరే, గా సీసల ఉన్న గ్రూపు వేరే. ఈయన పేరు మీద ఇంకొకరి నెత్తురు వచ్చింది. తప్పు మా దిక్కు నుంచే జరిగింది."

నన్ను చూస్తున్న దవాఖాన డాక్టరు అప్పటికే సెలైను వేగం పెంచాడు, నోటితో తాగగలిగినంత తాగనివ్వమన్నాడు. నర్సు గిలాసలో నీళ్లు పోసి రాజవ్వ చేతికిచ్చింది. ఆమె పట్టుకుంది గాని, నా నోటి దగ్గరికి తేలేకపోయింది. గిలాస సుజాత చేతికి ఇచ్చేసింది. శ్రీనివాస్ పళ్లు నూరుతున్నాడు. కేసు వేస్తా, ల్యాబు మూయిస్తా అని మొదలుపెట్టాడు.

సుజాత వాణ్ని చేత్తో ఆపింది. ల్యాబు డాక్టరమ్మను చూసి అడిగింది.

"మేడమ్, గా సీసల నెత్తురు మామది కాదంటే, ఎవరిది? గా మనిషికి మీరు ఏం జెప్పిండ్రు?"

ఆ మాట శ్రీనివాస్‌కు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆలోచన రాలేదు. నేను బతుకుతానన్న మాట దగ్గరే ఆగిపోయాను.

"దానికే వచ్చిన" అంది డాక్టరమ్మ. "పెద్దాయనా, రక్తం ఇచ్చేటప్పుడు మీ ముందర, మీ ఎనక ఎవరున్నరో యాదికున్నదా?"

నాకు మొహం కంటే ముందు కాళ్లు కనిపించాయి. పిండి ముద్దల్లాంటి పాదాలు, చేతిలో చెప్పులు.

"సాయవ్వ" అన్నాను. "గాంధారి దిక్కు. నాకు జాగ ఇచ్చింది."

డాక్టరమ్మ ల్యాబుకు ఫోను చేసింది. సాయవ్వ పేరున్న సీసాలో నెత్తురు గ్రూపు చూడమంది. కాసేపటికి జవాబు వచ్చింది. అది నా గ్రూపే. అంటే ఆమె కిడ్నీల రోగం నా పేరు మీద, నా డెంగీ ఆమె పేరు మీద. నాకు నీళ్లు బందు పెట్టిన రోజుల్లో ఆమెకు ఏం చెప్పి ఉంటారో ఊహించడానికి డాక్టరు కానక్కర్లేదు.

ల్యాబు దగ్గర సాయవ్వ పేరు కింద ఉన్న ఫోను నంబరు ఆమెది కాదు. ఆమెకు ఫోను లేదు. ఆ నంబరు ఆమెను ఎక్కించుకొచ్చిన ఆటో నడిపే మల్లేశ్‌ది. మల్లేశ్ నాకు బాగా తెలిసినవాడే, ఆ ఆటోలోనే నేనూ తిరుగుతాను. నేనే మాట్లాడతానన్నాను. సుజాత ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"మల్లేశా, నర్సారెడ్డిని. గా సాయవ్వ ఏడుందిరా?"

"ఏంది పటేలా, చావుబతుకుల మీద ఉన్నవన్నరు, గొంతు మంచిగనే ఉన్నదే."

"సాయవ్వ ఏడుంది?"

"ఊర్లనే, ఆర్ఎంపీ కాడ. డెంగీ అంట. రెండు దినాల సంది సెలైన్లు వెడుతుండు. కొబ్బరి బొండాలు, గ్లూకోజు నీళ్లు, ఏది దొరికితే అది తాపుతుండ్రు. మస్తు ఉబ్బింది పాపం, కండ్లు గూడ కనపడుతలేవు."

"సెలైన్ ఆపించురా. ఆమెకు డెంగీ లేదు. నాకున్నది."

అటువైపు నవ్వు. "దవాఖాన్ల పండుకొని గూడ పరాచికాలేనా పటేలా."

"ఒట్టురా మల్లేశా."

"మొన్న గూడ ఒట్టే వెట్టినవు, నా బండి సీటు కింద పాము దూరిందని. అందరం దిగి వానల తడిసినం."

నిజమే. పెట్టాను. నా జీవితంలో చెప్పిన మాటలన్నీ ఆ ఫోనులో నాకు అడ్డం నిలబడ్డాయి. ఇంకో మాట చెప్పబోతే దగ్గు వచ్చింది. డాక్టరమ్మ ఫోను తీసుకుంది.

"నేను కామారెడ్డి ల్యాబు డాక్టరును మాట్లాడుతున్న. ఆయన చెప్పేది నిజం. సాయవ్వకు ఎక్కే సెలైను ఇప్పుడే తీసెయ్యాలె. నీళ్లు ఒక్క చుక్క ఇయ్యొద్దు. మీరు పోయి ఆర్ఎంపీకి ఫోను ఇయ్యండి, నేను లైన్‌ల ఉంట."

అటువైపు నవ్వు ఆగిపోయింది. ఆటో ఇంజను చప్పుడు వినిపించింది. వార్డులో మేమంతా ఆ చప్పుడే వింటూ ఉన్నాం. గుంతల్లో ఎగిరేది, మేకలకు హారను కొట్టేది, మళ్లీ ఎగిరేది. తర్వాత ఎవరివో కేకలు. ఆర్ఎంపీ గొంతు, "రిపోర్టుల డెంగీ అని ఉన్నది మేడమ్" అంటోంది. "గా రిపోర్టు తప్పు. నేనే సంతకం చేసిన, నేనే చెప్తున్న. సూది తీయండి" అంది డాక్టరమ్మ. ఎవరో ఒకామె ఏడుపు. తర్వాత మల్లేశ్.

"తీసేసిండు మేడమ్. ఊపిరి అందుతలేదు ఆమెకు. పండుకోవెడితే గురగురమంటుంది. ఏడికి తేవాలె?"

"కూసోవెట్టే తీసుకొనిరా. సర్కారు దవాఖానకు. నేను అక్కడ గేటు కాడ ఉంట."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. సుజాత కూడా వెంట పోయింది. నేను సెలైను సీసాలోంచి నా ఒంట్లోకి దిగుతున్న నీళ్లు చూస్తూ పడుకున్నాను. తాగాలని లేదు. గాంధారి నుంచి కామారెడ్డికి దారి ఎంతో నాకు తెలుసు, ఎక్కడ వంతెన ఉందో, ఎక్కడ రోడ్డు కోసుకుపోయిందో తెలుసు. ఆటో ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో మనసులో నడిపిస్తూ, ప్రతి గుంత దగ్గరా ఆగాను.

పొద్దుగూకుతుంటే సుజాత తిరిగి వచ్చింది. వానకు చీరె ముందు భాగమంతా తడిసి ఉంది.

"వచ్చింది మామా. కూసొనే వచ్చింది. నెత్తురు కడిగే మిషను మీద వెట్టిండ్రు. తెల్లారితేనే చెప్తరట."

తెల్లారింది. బతికే ఉందన్నారు.

పెత్రమాస

నేను ఇంటికి వచ్చేసరికి పెత్రమాస, అంటే పెద్దల అమాస, వచ్చింది, ఆడవాళ్లు బతుకమ్మకు పూలు తెంపుతున్నారు. నా ఇంట్లో ఎక్కడ చూసినా నీళ్లే. మంచం పక్కన చెంబు, కిటికీలో సీసా, గడప దగ్గర బిందె. రాజవ్వ ఒకటి ఖాళీ కాకముందే నింపి పెట్టేది. ఒకనాడు గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అంది.

"నా చేత్తోని నేనే చంపుతుంటి."

"పెండ్లయినప్పటి సంది చూస్తున్నవు గదా, ఎప్పుడు చేతనైతది నీకు" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మమతను పనిలోంచి తీసేయాలని శ్రీనివాస్ ల్యాబుకు పోయి గొడవ పెట్టాడు. ఆమె కూడా అక్కడే ఉందట, తలొంచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పిందట. డాక్టరమ్మ మా వాడితో అన్న మాట వాడే ఇంటికి వచ్చి, కోపంగానే, నాకు చెప్పాడు. "ఆమెను తీసేస్తే ఇంకొకామె వస్తది. గదే స్టాండు, గదే బస్సు, గదే తొందర. ఎవలు చేసిండ్రని అడిగితే అందరు దాచుకుంటరు. ఎట్ల జరిగిందని అడిగితేనే చెప్తరు." డబ్బా పంపే బస్సు మార్చారు, ఇప్పుడు దాని తర్వాతి బస్సులో పోతుంది. పేర్లు ముందే రాసి పెట్టడం బందు చేశారు. చిన్న తప్పు జరిగినా, చీటీ చినిగినా, సీసా ఆలస్యమైనా, వారానికోసారి అందరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారట. నన్ను కూడా ఒకసారి పిలిచారు, వాళ్ల మనుషులందరి ముందూ నా అనుభవం చెప్పమని. చెప్పాను. చెట్లు పిలిచిన ముక్క వదిలేశాను.

మొన్న మళ్లీ రక్తం ఇవ్వడానికి ఎల్లారెడ్డి గదికి పోయాను. మమత లేచి నిలబడి, కళ్లెత్తి, "తాతా, నీ పేరు జెప్పు" అంది. నేనెవరో ఆమెకు ఈ జన్మలో మరపురాదు. అయినా అడిగింది. చెప్పాను, తండ్రి పేరుతో సహా. అయ్యా, అమ్మా, ఈ రాత చదివేవాళ్లకు నేను చెప్పుకునేది ఇదే. మిమ్మల్ని పేరు అడిగితే చిన్నతనం అనుకోకండి. అడక్కపోతే మీరే చెప్పండి. సీసా మీద ఏం రాశారో చూడండి, చదవడం రాకపోతే పక్కవాళ్లతో చదివించుకోండి. రిపోర్టుకూ ఒంటికీ పొంతన లేకపోతే ఇంకొకసారి రక్తం ఇవ్వండి. రిపోర్టు రాసేదీ మనిషే.

దసరా దాటినాక

సాయవ్వకు వారంలో కొన్ని రోజులు మిషను పెడుతున్నారని తెలుసు. పోవాలి పోవాలి అనుకుంటూ దసరా దాటించాను. కాళ్లలో బలం లేదని ఇంట్లో చెప్పాను. బలం ఉంది, మొహం లేదు. రిపోర్టు తప్పని ఆమెకు చెప్పారట గాని, ఎవరి రక్తం ఎవరి సీసాలోకి పోయిందో, ఎట్లా పోయిందో చెప్పలేదట. డాక్టరమ్మ చెప్పబోతే సాయవ్వ మొగుడు పోశయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "బతికింది గద, సాలు మేడమ్" అన్నాడు.

చివరికి కామారెడ్డి సర్కారు దవాఖానకు పోయి, ఆమెను చూసేముందు అక్కడి డాక్టరును అడిగాను. ఆ రోజులు పాడు కాకుంటే ఆమె కిడ్నీలు దక్కేవా? ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అప్పటికే చాన పోయినయి పెద్దాయనా. ఆ నీళ్లతోని ఇంకెంత పోయిందో నేను గాదు, ఎవరు గూడ చెప్పలేరు" అన్నాడు.

బస్సులో వస్తూ ఏం చెప్పాలో కూర్చుకున్నాను. నీ పేరు గుర్తు చేసింది నేనే, మల్లేశ్‌కు ఫోను చేసింది నేనే, ఒకరకంగా నేనే నిన్ను కాపాడాను అన్నట్టు వచ్చేలా. మంచి మాటలే కుదిరాయి. లోపలికి పోయి ఆమె మెడ పక్క నుంచి మిషనుకు పోయి వస్తున్న ఎర్ర గొట్టాలు చూశాను. ఆ మాటలు రాలేదు.

ఉబ్బు దిగిపోయి ఆమె సగం మనిషైంది. నన్ను పోల్చుకుంది.

"మంచిగైనవా పటేలా?"

"అయిన."

చెప్పాను. స్టాండులో సీసాల వరుస, ఆమె లేవడం, నేను కూర్చోవడం, ఒక్కసారే వద్దనడం. తగ్గించలేదు, పెంచలేదు. పక్క మంచం మీది ముసలాయన కూడా వింటున్నాడు. సాయవ్వ మిషను వైపు చూసింది. కోపం వస్తే తీసుకుందామని తలొంచుకుని కూర్చున్నాను.

"అయితే నిన్ను నీళ్లకు ఎండవెట్టిండ్రా?" అంది.

"చాయ్ గిలాసల కొలిచి పోసింది మా ఇంటామె."

"అయ్యో" అంది. నిజంగానే అంది. "నన్ను వద్దంటే గూడ తాపిచ్చిండ్రు. మా ఆయన ముక్కు మూసి పోసిండు. కడుపు పలుగుతదయ్యా అంటే ఇనలే. డెంగీకి నీళ్లే మందు, తాగకపోతే చస్తవన్నరు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "అంటే గవి నీ నీళ్లు పటేలా. నీ నీళ్లన్ని నేను తాగిన."



నర్సు వచ్చి గొట్టాలు చూసింది, ఆమెకు ఆ పూటకు రావలసిన నీళ్లు చిన్న స్టీలు గిలాసలో పోసి ఇచ్చింది. అడుగున కొన్ని. సాయవ్వ ఒక గుక్క నోట్లో పోసుకుని, వెంటనే మింగకుండా, కళ్లు మూసుకుని కాసేపు ఉంచుకుంది. మింగాక గిలాస మీద మూత పెట్టి, నా చేతికి అందకుండా, తన దిండు పక్కకు జరుపుకుంది.